తడి తగలని నూనె

మొన్న మా ఆయన కారు పెట్టుకునే రేకుల షెడ్డు సర్దుతూ మూల నుంచి ఒక ఇంజనాయిలు డబ్బా బయటికి లాగారు. ఎప్పుడో కొని మరిచిపోయింది. మూత సీలు చెక్కు చెదరలేదు గానీ పైన దుమ్ము గట్టిగా పేరుకుంది.

"ఇది పనికొస్తుందంటావా, పారేద్దామా?" అని నన్ను అడిగినట్టు కాకుండా గాలిలోకి అడిగారు.

నేను చేతిలో ఉన్న చాట కింద పెట్టి, డబ్బా తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. సీలు తీసి వాసన చూశాను. వంటింట్లోకి వెళ్ళి పాత అట్లపెనం పొయ్యి మీద పెట్టి, అది బాగా కాగాక పొడి పుల్లతో ఒక చుక్క నూనె దాని మీద వేసి, తల వంచి విన్నాను. చుక్క చప్పుడు చెయ్యకుండా పరుచుకుని సన్నగా పొగ వదిలింది.

"బాగానే ఉంది. వాడుకోండి," అన్నాను.

ఆయన గుమ్మంలో నిలబడి కొత్త మనిషిని చూసినట్టు చూశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను కారు బానెట్టు ఎత్తడం ఆయన ఎన్నడూ చూడలేదు. "ఎక్కడ నేర్చావు ఇదంతా?" అన్నారు.

మా ఊళ్ళో నేర్చాను. చర్చి అమ్మగారి దగ్గర. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ పెనం మీద పొగ చూసేసరికి పక్కన నిలబడి "ఏదీ, ఏమంటోంది నూనె?" అని అడుగుతున్నట్టే అనిపించింది.

గుంటూరు నుంచి పర్చూరు వైపు పోయే రోడ్డు దిగి, నల్లరేగడిలో లోపలికి పోతే మా ఊరు. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. వానలు పడితే ఆ మట్టి కాళ్ళని పట్టుకుని వదిలేది కాదు. ఎనభైల్లో మాకు బస్సు ఉండేది గానీ అది వచ్చినప్పుడే వచ్చినట్టు. ఊరు మొత్తానికి కారు ఒక్కటే, అది చర్చిది. ఒకప్పుడు దొరలు వెళ్ళిపోతూ వదిలేసిన పాత నల్ల కారు. పాస్టరు అయ్యగారికి చూపు తక్కువ, స్టీరింగు ముట్టుకునేవారు కాదు. నడిపేది ఆయన భార్య. ఆవిడకొక పేరుంది, నాకు తెలుసు. కానీ ఆ పేరుతో పిలిచినవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. క్రైస్తవులకీ, హిందువులకీ, సంతకి వచ్చే గాజులవాడికీ కూడా ఆవిడ అమ్మగారే.

పొట్టి మనిషి. సీటు మీద దిండు వేసుకుంటే తప్ప ముందు అద్దంలోంచి రోడ్డు కనిపించేది కాదు. తెల్లచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఎడమ చేతికి మగవాళ్ళ గడియారం పెట్టుకుని, గేరు మార్చినప్పుడల్లా "పద నాయనా" అనేవారు. గొంతు పెద్దది. ప్రసంగం అయ్యగారు చెప్పేవారు గానీ చర్చి బయట నిలబడ్డవాళ్ళకి వినపడేది వెనక వరసలోంచి ఆవిడ చెప్పే ఆమెన్ ఒక్కటే.

మా ఇల్లు వాళ్ళ ఇంటి పక్కనే, మధ్యలో పిట్టగోడ. నేను చర్చి బడిలో టీచరుగా చేసేదాన్ని. ఇంట్లో అమ్మ, తమ్ముడు, నేను. నాన్న పోయాక పత్తి చేను తమ్ముడే చూసుకునేవాడు.

ఆ కారుకి పెట్రోలు ఎంత కావాలో ఇంజనాయిలూ దాదాపు అంత కావాలనిపించేది. తాగేది, కార్చేది, మళ్ళీ అడిగేది. చుట్టుపక్కల బంకు లేదు. అందుకని గుంటూరులో సంఘం మీటింగులకి వెళ్ళినప్పుడల్లా అమ్మగారు సీలు వేసిన డబ్బాలు కొని తెచ్చి నిలవ పెట్టేవారు. పీపాల్లోంచి పంపుతో కొట్టి విడిగా అమ్మే నూనె మాత్రం తాకేవారు కాదు. "అది ఎన్ని బళ్ళ కడుపులోంచి వచ్చిందో ఎవడికి తెలుసు?" అనేవారు.

నిలవ పెట్టడం కూడా అలా ఇలా కాదు. షెడ్డు పైకప్పు తాటాకు, కురుస్తుంది. వంటిల్లు వేడి. కాబట్టి డబ్బాలన్నీ పడకగదిలో, గోడకి ఆనకుండా, కింద చెక్క వేసి దాని మీద. ఒక్కో డబ్బా మీద ఎర్రరంగుతో కొన్న నెల, సంవత్సరం రాసేవారు. పాతది ముందుకి, కొత్తది వెనక్కి. నెలకోసారి వాటిని బయటికి తీసి, పక్కకి పడుకోబెట్టి చాప మీద పొర్లించేవారు. ఎందుకండీ అంటే, "నూనెలో కంపెనీవాళ్ళు మందులు కలుపుతారమ్మాయ్. కదలకపోతే అడుక్కి దిగిపోతాయి," అనేవారు. సీలు ఉన్నది నాలుగైదేళ్ళు ఉంటుంది. సీలు తీసిందా, ఇక దానికి కాలం దగ్గరపడినట్టే, ఆ పంట ఇంటికొచ్చే లోపల వాడెయ్యాలి. తీసిన డబ్బా మూత బిగించి, పైన పొడిగుడ్డ వేసి, దారంతో వాసెన కట్టేవారు.

మొదటిసారి ఆ వాసెన కట్టిన డబ్బాలు చూసి మా అమ్మ, "ఏం పచ్చడి పెట్టారండీ?" అని అడిగింది.

"కారు పచ్చడి," అన్నారు ఆవిడ, నవ్వకుండా. "నువ్వు ఆవకాయని ఎలా చూస్తావో ఇదీ అంతే వదినా. తడి చెయ్యి పెట్టకూడదు, తడి గరిటె పెట్టకూడదు. నూనె ముసలిదైనా పని చేస్తుంది గానీ తడి తగిలితే మంచాన పడుతుంది."

అయ్యగారు వరండాలో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మా ఇంట్లో నాకంటే ఆ డబ్బాలకే మర్యాద ఎక్కువమ్మా," అనేవారు. ఆ మాట ఆయన ఎంత తరచుగా అన్నా ఆవిడ మొదటిసారి విన్నట్టే మూతి తిప్పేవారు.

పెనం సంగతి కూడా అప్పుడే చూశాను. ఏ డబ్బా తెరిచినా మొదటి చుక్క పెనం మీద పడాల్సిందే. అందులో నీరుంటే చిటపటమంటుంది. "నూనె మాట్లాడకూడదు. మాట్లాడిందంటే లోపల నీళ్ళున్నట్టు." ఒకసారి గుంటూరులో కొన్న డబ్బా ఇంటికొచ్చి తెరిస్తే చిటపటలాడింది. ఎవరో సీలు తీసి మళ్ళీ అంటించారు. తర్వాతి ప్రయాణంలో ఆవిడ డబ్బాతో పాటు పెనం కూడా కార్లో వేసుకున్నారు. నేనూ వెంట ఉన్నాను. కొట్టు పక్కన టీ బడ్డీలో పెనం కాల్చమని ఇచ్చి, కొట్టుకు వచ్చిన లారీ డ్రైవర్లనందర్నీ పిలిచి, వాళ్ళ ముందు చుక్క వేశారు. పెనం చిటపటలాడింది. డ్రైవర్లు ఘొల్లున నవ్వారు. కొట్టాయన గబగబా లోపలికి పోయి కొత్త డబ్బా తెచ్చి, "అమ్మా, మీరింక పెనం తీసుకుని రావద్దు తల్లీ," అని దణ్ణం పెట్టాడు. ఆవిడ కొత్త డబ్బా కూడా అక్కడే పరీక్ష చేసి గానీ కారెక్కలేదు.

పాడైన నూనెని కూడా పారేసేవారు కాదు. షెడ్డు కిటికీ కింద ఒక డబ్బాలో పోసి ఉంచేవారు. ఎడ్లబళ్ళ ఇరుసులకి రాసుకోడానికి రైతులు వచ్చి పట్టుకుపోయేవాళ్ళు. ఆ డబ్బాకి మూత ఉండీ లేనట్టే ఉండేది. కప్పు కురిసినప్పుడల్లా వాననీళ్ళు అందులోకి దిగేవి. ఇరుసుకి నీళ్ళయితేనేం, నూనెయితేనేం అని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఏడు పత్తి మీద తెల్లదోమ పడింది. ఆకు తిరగేస్తే కింద పిండి చల్లినట్టుండేది. ఒక మందు పని చెయ్యకపోతే ఇంకొకటి, అదీ కాకపోతే రెండూ కలిపి కొట్టేవాళ్ళు రైతులు. మా తమ్ముడూ అంతే. చొక్కా తడుస్తుందని విప్పేసి, వీపుకి పంపు తగిలించుకుని, గాలికి ఎదురు నడిచేవాడు. పంపు కారుతోందని అమ్మ చెప్తూనే ఉంది. "ఈ ఒక్క చాలు అయిపోనీవే," అనేవాడు.

ఒక మధ్యాహ్నం బడి అన్నానికి వదిలితే ఇంటికొచ్చాను. తమ్ముడు కంచె పట్టుకుని నడుస్తూ వస్తున్నాడు. ఒళ్ళంతా చెమట, నోట్లోంచి చొంగ కారుతోంది. "అక్కా, కళ్ళు మసగ్గా ఉన్నాయే," అని గుమ్మం దగ్గరే కూలబడి కక్కుకున్నాడు. చేతుల కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతున్నాయి. ఊళ్ళో ఉన్న ఆరెంపీ వచ్చి రెప్పలెత్తి చూసి, "నల్లగుడ్డు ఆవగింజంతైపోయింది. నా దగ్గర మందు లేదు. గుంటూరు తీసుకెళ్ళండి, ఆలస్యం చెయ్యొద్దు," అన్నాడు.

అమ్మ కేక పిట్టగోడ దాటింది. అమ్మగారికి అప్పటికే రెండు రోజులుగా జ్వరం. ఆ జ్వరంతోనే లేచి వచ్చి గోడ మీదుగా ఒకసారి చూశారు. "కారు తీస్తున్నా. పిల్లాణ్ణి మా వరండాలోకి తీసుకురండి," అని తిరిగి చూడకుండా షెడ్డులోకి వెళ్ళారు.

ఇంజను మోగింది. మేము తమ్ముణ్ణి మంచంతో సహా మోసుకెళ్ళేలోపు అది కాసేపు ఆడుతూనే ఉంది. తర్వాత ఆగిపోయింది. దూరం పోయే ముందు ఇంజను వేడెక్కించి, ఆపి, నూనె చూసే పుల్ల లాగి చూడటం ఆవిడ అలవాటు. ఆ రోజూ లాగారు. లాగి, అలాగే నిలబడిపోయారు. పుల్ల చివర నూనె పాలు పోసిన కాఫీలా ఉంది, నురగతో.

"ఇందులో ఎవరు ఏం పోశారు?" అన్నారు. ఆ పెద్ద గొంతు అప్పుడు చాలా చిన్నగా ఉంది.

అయ్యగారు ముందుకొచ్చారు. "పొద్దున నేనేనమ్మా. నీకు జ్వరంగా ఉంది కదా, నీకు పని తగ్గుతుందని... షెడ్డులో డబ్బా ఉంటే..."

"కిటికీ కిందదా?"

ఆయన తలూపారు.

ఆవిడ పుల్ల తుడిచి పక్కన పెట్టారు. వరండాలో ఉన్న తమ్ముడి వైపు ఒకసారి, రోడ్డు వైపు ఒకసారి చూశారు. గుమిగూడినవాళ్ళలో ఒకాయన, "పోనీండి అమ్మగారూ, నడిచినంత దూరం నడుస్తుంది, కదలండి," అన్నాడు. అమ్మ ఆవిడ కాళ్ళు పట్టుకుంది. "పోదామండీ, నా బిడ్డ చచ్చిపోతాడు."

"వదినా, ఇటు చూడు. ఈ నూనెతో బయల్దేరితే సగం దారిలో ఇంజను పట్టేస్తుంది. ఆ చేల మధ్య ఎవరున్నారు మనకి? ఆగాల్సివస్తే ఇక్కడే ఆగుదాం. ఇక్కడ నీళ్ళున్నాయి, మనుషులున్నారు." అని నా వైపు తిరిగారు. "అమ్మాయ్, వాడి బట్టలన్నీ విప్పెయ్యి. సిగ్గు లేదు, ఏం లేదు. సబ్బుతో తల నుంచి కాళ్ళదాకా రుద్దండి. గోళ్ళు, చెవుల వెనక, చంకలు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, చొంగ లోపలికి పోకుండా. మీ చేతులకి గుడ్డలు చుట్టుకోండి. నేను నూనె దించేస్తాను."

చీర కచ్చ పోసుకుని స్పానరు పట్టుకుని ఆవిడ కారు కిందికి దూరారు. అయ్యగారు అంట్లు తోమే పెద్ద గిన్నె తెచ్చి తోశారు. నట్టు ఊడగానే పాలనూనె ధారగా గిన్నెలోకి దిగడం కనిపించింది. ఇటు మేము బిందెలకి బిందెలు పోస్తూ తమ్ముణ్ణి కడుగుతున్నాం. వాడి ఒంటి మీంచి ఆ మందు కంపు సబ్బు వాసనలో కలిసి కొంచెం కొంచెంగా తగ్గుతోంది. ఊపిరి మాత్రం గురగురమంటూనే ఉంది. నేను రుద్దుతూ కారు కింద కనిపించే ఆవిడ పాదాల్నే చూస్తున్నాను. ఆ పాదాలు కదిలితే బయల్దేరినట్టు.

ఆవిడ లేచి పడకగదిలోకి వెళ్ళి పెద్ద డబ్బా ఒకటి ఎత్తుకొచ్చారు. ముందు వరసలోది. ఎర్రరంగు అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి, అంటే అన్నిట్లోకీ పాతది. దాన్ని స్క్రూడ్రైవరుతో తెరుస్తుండగా అయ్యగారు పొయ్యి మీద నుంచి కాలుతున్న పెనాన్ని పట్టకారుతో పట్టుకుని పరుగున వచ్చారు.

"పెనం వద్దండీ," అన్నారు ఆవిడ. "ఇది నా చేత్తో పెట్టిన డబ్బా."

పరీక్ష చెయ్యకుండా ఆవిడ నూనె పొయ్యడం నేను చూసింది అదొక్కసారే. చిక్కగా, తేనెరంగులో, మధ్యలో తెగకుండా లోపలికి దిగింది. ఇంజను మోగాక నూనె ఒత్తిడి చూపించే ముల్లు వైపు వంగి చూశారు. ముల్లు లేచి నిలబడింది. "ఎక్కండి," అన్నారు.

వెనక సీట్లో తమ్ముడి తల నా ఒళ్ళో, కాళ్ళు అమ్మ ఒళ్ళో. వాడి మూతి తుడుస్తూ తుడుస్తూ నా పమిట చెంగు తడిసి ముద్దయింది. అమ్మ మంగళగిరి కొండమీది స్వామికి బిందెడు పానకం మొక్కుకుంటోంది. మొక్కుకుని, చర్చి కార్లో ఉన్నానని గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.

"ఆపకు వదినా, గట్టిగా మొక్కుకో," అన్నారు అమ్మగారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నేను మావాడికి చెప్పుకుంటున్నా. ఎవరు ముందు విన్నా మనకి సరే."

ఒకచోట పత్తి బళ్ళు రోడ్డుకి అడ్డంగా వరసకట్టాయి. ఆవిడ హారను కొట్టలేదు. తల బయటికి పెట్టి, "ఒరేయ్, పక్కకి తియ్యండ్రా! లోపల మనిషి పోతున్నాడు!" అని అరిచిన అరుపుకి ఎద్దులే ముందు పక్కకి జరిగాయి. కారు ఎక్కడా తగ్గలేదు, దగ్గలేదు. ఆవిడ చూపు రోడ్డు మీదా, ఆ ముల్లు మీదా మార్చి మార్చి ఆడుతూనే ఉంది.

గుంటూరు ఆసుపత్రిలో తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్ళి సూదులు మొదలుపెట్టారు. ఒకటి ఇవ్వడం, కళ్ళు చూడటం, ఇంకొకటి ఇవ్వడం. కుర్ర డాక్టరు బయటికొచ్చి, "కడిగి తెచ్చారు కదా, చాలా మంచి పని చేశారు. మందు ఇంకా ఒంట్లోకి పోకుండా ఆగింది. చూద్దాం," అని మళ్ళీ వెళ్ళిపోయాడు. ఆ 'చూద్దాం' మా ముగ్గురి మధ్యా బల్ల మీద కూర్చుంది. అమ్మగారి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. నుదురు జ్వరంతో కాలిపోతోంది. కడుక్కురండి అంటే వినిపించుకోలేదు.

పొద్దు వాలుతుండగా నన్ను లోపలికి పిలిచారు. తమ్ముడి మొహం ఎర్రగా కందిపోయి ఉంది. పెదాలు పగిలినట్టున్నాయి. నన్ను చూసి, "అక్కా, నాలిక అట్టముక్కలా అయిపోయిందే. కాసిని నీళ్ళివ్వవే," అన్నాడు.

నాకు భయం వేసింది. డాక్టరు మాత్రం నవ్వాడు. "నోరు ఎండిపోయిందా? అదేనండీ మాకు కావాల్సింది. చొంగ ఆగిందంటే మందు పని చేసినట్టే. ఊపిరి కూడా శుభ్రంగా ఉంది. ఇంకో నాలుగు రోజులు ఇక్కడే ఉంచుకుంటాం గానీ, ఇక భయపడకండి."

నేను బయటికి పరుగెత్తి, "నోరు ఎండిపోయిందట!" అని అరిచాను. వరండాలో ఉన్నవాళ్ళంతా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. సంగతి చెప్పేసరికి అమ్మ నేల మీద కూర్చుని ఏడ్చింది. అమ్మగారు "హమ్మయ్య" అన్నారు. మెట్ల మీద కూర్చుని టీ తెప్పించుకుని, సాసరులో పోసుకుని, ఊదుకుంటూ మొత్తం తాగారు. అప్పుడు లేచి చేతులు కడుక్కున్నారు.

"పద అమ్మాయ్. మీ అమ్మ ఇక్కడ ఉంటుంది. నువ్వు పోయి బట్టలు తెచ్చుకుందువు గాని. అక్కడ అయ్యగారు కాళ్ళు కాలిన పిల్లిలా తిరుగుతూ ఉంటారు."

అయ్యగారు ఇంట్లో లేరు. మట్టిరోడ్డంతా నడిచి వచ్చి, అది తారురోడ్డులో కలిసే చోట నిలబడి ఉన్నారు, చూపు ఆనని మనిషి, ఆ మసకచీకట్లో. కారు ఆగగానే కిటికీ పట్టుకున్నారు.

"ఉన్నాడా?"

"ఉన్నాడు. మంచినీళ్ళు అడిగాడు."

ఆయన కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో చాలాసేపు తుడిచారు. "నేను చంపేశాననుకున్నానే," అన్నారు.

"ఎక్కండి ముందు," అన్నారు ఆవిడ. కారు కదిలాక, "మంచి డబ్బాలన్నిటి మీదా రాశాను గానీ చెడ్డ డబ్బా మీద రాయలేదు. రాయాల్సింది అదే. రేపు రాస్తాను," అన్నారు. గేరు మార్చి, "మీరు ప్రార్థన చూసుకోండి. నూనె జోలికి మాత్రం రాకండి," అన్నారు. ఆయన నవ్వారు. ఆ తర్వాత ఆవిడ కూడా. నేను వెనక సీట్లో కూర్చుని వాళ్ళతో పాటు నవ్వుతూ, మధ్యాహ్నం నుంచీ పట్టుకున్న ఏడుపంతా ఏడ్చేశాను.

తమ్ముడు ఇంటికొచ్చి కోలుకున్నాడు. ఆపైన చొక్కా లేకుండా, మూతికి గుడ్డ లేకుండా చేలోకి పోలేదు. మంగళగిరి మొక్కు తీర్చడానికి మమ్మల్ని తీసుకెళ్ళిందీ ఆ నల్లకారే. అమ్మగారు కొండ కింద నీడలో కారాపుకుని కూర్చుని, తెచ్చిచ్చిన పానకం ఒక గ్లాసు తాగి, "మిరియం ఘాటు బాగుంది వదినా," అన్నారు.

దశాబ్దం చివర్లో అయ్యగారికి వాడరేవు దగ్గర సంఘానికి బదిలీ అయింది. అప్పటికి మా ఊరికి బస్సులు పెరిగాయి, గుంటూరు నుంచి ఆటోలు కూడా రావడం మొదలైంది. సంఘంవాళ్ళు కారు అమ్మేశారు. ఆ ముసలి బండి మీద, దాని డబ్బాల మీద అంత ప్రాణం పెట్టిన మనిషి ఎలా ఉన్నారో, ఎంత దిగులు పడుతున్నారో అనుకుంటూ ఒక ఆదివారం నేనూ తమ్ముడూ చూడబోయాం.

మధ్యాహ్నం. ఇసకలో చిన్న ఇల్లు, దూరంగా సముద్రం హోరు, ఎండబెట్టిన చేపల వాసన. అయ్యగారు వరండాలో ఉన్నారు. మా గొంతులు గుర్తుపట్టి, లేచి, పెదాల మీద వేలు పెట్టారు. లోపల చాప మీద అమ్మగారు వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, గురక పెట్టి నిద్రపోతున్నారు. చేతికి గడియారం లేదు.

"ఒంట్లో బాగాలేదా అండీ?" అన్నాను కంగారుగా.

"బాగానే ఉందమ్మా. కారు పోయిన రోజు నుంచీ ఇంతే. అన్నేళ్ళూ ఎవరు ఎప్పుడొచ్చి తలుపు కొడతారో, బండి కదులుతుందో లేదోనని సగం నిద్రే కదా మనిషికి. ఇప్పుడు ఆ నిద్రంతా బాకీ తీర్చుకుంటోంది." ఆయన లోపలికి తొంగి చూసి సంతోషంగా తలాడించారు. "లేపనా?"

"వద్దండి," అన్నాడు తమ్ముడు. "పడుకోనివ్వండి. మేము ఎంతసేపైనా ఉంటాం."

వరండాలో ముగ్గురం గుసగుసగా మాట్లాడుకుంటూ కూర్చున్నాం. ఇంతలో తల మీద గంపతో ఒకావిడ, "చేపలమ్మా, చేపలోయ్!" అని సముద్రం దాకా వినపడేలా కేక వేసుకుంటూ మా వైపు వస్తోంది. మా తమ్ముడు చెప్పులు కూడా వేసుకోకుండా ఆ కాలే ఇసకలో పరుగెత్తి, ఆవిణ్ణి గేటు అవతలే ఆపి, రెండు చేతులూ జోడించాడు.